ఈ కథలో పోస్ట్‌మాన్ లేడు

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప బడిలో ఇంకెక్కడా కనిపించదు. పిల్లలకీ, తోటి టీచర్లకీ, గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే వాచ్‌మన్‌కీ ఆవిడ బొంగరం టీచరే. ఎదురుగా ఎవరూ అనరనుకోండి. అయినా ఆవిడకి తెలుసు. తెలిసి కోపం తెచ్చుకోవాలంటే కాసేపు ఒకచోట నిలబడాలి కదా, అంత తీరిక ఏదీ!

ఆవిడ టీ నిలబడే తాగుతుంది. అన్నం వంటింటి గట్టు దగ్గరే కానిచ్చేస్తుంది. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే తరవాతి స్టాపు దాకా నడిచి అక్కడ ఎక్కుతుంది. ఆ స్టాపుకి ఆవిడా బస్సూ ఒకేసారి చేరతారు. మరి నడిచి ఏం బావుకున్నట్టు అని భర్త అడిగితే, "ఊరికే నిలబడలేదుగా!" అంటుంది. ఆయన మోటార్లకి వైండింగ్ చేసే మనిషి, సన్నటి రాగి తీగ చుట్టు మీద చుట్టు చుడుతూ రోజంతా కూర్చోగలడు. అలాంటాయనకి ఇలాంటావిడని ఎవరు చూసి కట్టబెట్టారో గానీ వాళ్ల ఓపికకి దండం పెట్టాలి. క్లాసులో ఆవిడ కుర్చీలో ఆవిడ సంచి కూర్చుంటుంది. ఆవిడ మాత్రం బెంచీల మధ్య గిరగిరా తిరుగుతూనే ఉంటుంది.

ఈ పరుగు ఇప్పటిది కాదు. ఐదుగురు పిల్లల్లో ఆవిడ ఆఖరిది. ఇంట్లో ఏ పుస్తకం కొన్నా పెద్దాళ్ల చేతులన్నీ దాటి ఆవిడ చేతికి వచ్చేసరికి అట్ట ఊడిపోయేది, బడి గంటకి పావుగంట మాత్రమే మిగిలేది. ఆ పావుగంటలో పాఠం ఎప్పుడు చదవాలి, జవాబులు ఎప్పుడు రాయాలి? ఏడుపు మొహం పెట్టుకుని కూర్చున్న చెల్లెలికి పెద్దన్నయ్య ఓ చిట్కా చెప్పాడు.

"మొత్తం ఎవడు చదవమన్నాడే నిన్ను? ముందు ప్రశ్న చూడు. అందులో పెద్ద మాట ఒకటి పట్టుకో. పాఠంలో అదెక్కడుందో వెతుకు. దొరికిందా? ఆ వాక్యం దించెయ్. అయిపోయింది!"

నిజంగానే అయిపోయింది. ఆ చిట్కాతోనే బడి దాటింది, కాలేజీ దాటింది, టీచర్ ట్రైనింగూ దాటింది. ఉద్యోగానికి పెట్టిన పరీక్షలో అందరికన్నా ముందు కాగితం ఇచ్చేసి బయటికొచ్చింది ఆవిడే. ఇన్నేళ్లలో ఒక్క కథైనా మొదటి నుంచి చివరిదాకా చదివిందా అంటే, పాపం, లేదు. చదవలేదన్న సంగతి కూడా ఆవిడకి తెలియదు. మాటలన్నీ కళ్ల ముందు నుంచి వెళ్లాయిగా, అదే చదవడం అనుకుంది.

బళ్లో ఆవిడకి అప్పగించింది కూడా సరిగ్గా ఆ పనే. పెద్ద పరీక్షలో 'చదివి జవాబులు రాయండి' అని ఇరవై ఐదు మార్కులకి ఓ భాగం ఉంటుంది. పిల్లలు ఎన్నడూ చూడని చిన్న కథ ఒకటిచ్చి, కింద ఐదు ప్రశ్నలిస్తారు. చాలా బళ్లలో పిల్లలు తప్పేది అక్కడే. బొంగరం టీచర్ పిల్లలు మాత్రం తొమ్మిదేళ్లుగా ఒక్కరు కూడా తప్పలేదు. ఆవిడ అన్నయ్య చిట్కాకి ఇంకో మెరుగు పెట్టింది. ప్రశ్నలోంచి పట్టుకున్న మాట కింద జవాబులో ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టాలి. గీత ఉంటే దిద్దేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది, మార్కు పడిపోతుంది. ఆవిడ కూడా అలాగే దిద్దుతుంది. గీత కనిపిస్తే టిక్కు. నలభై కాగితాలు ఇరవై నిమిషాల్లో ఊదేస్తుంది. వేరే బళ్ల నుంచి టీచర్లు వచ్చి చూసిపోతుంటే హెడ్మాస్టరు మీసం దువ్వుకునేవారు.

ఆ క్లాసులో ఈ వేగం అందనిది ఒక్కతే. బజారు మలుపులో ఉన్న టైలరు గారి కూతురు. టీచరు దానికి నిదానం అని పేరు పెట్టింది. "ఏమ్మా నిదానం, ఇవాళ్టికి తేలుతుందా?" అంటే క్లాసంతా నవ్వేది. ఆ పిల్ల కూడా ఓ నవ్వు నవ్వి మళ్లీ తల దించుకుని, పెదాలు కదుపుతూ, మొదటి లైను నుంచి మొదలుపెట్టేది. ఐదు ప్రశ్నలిస్తే మూడు రాసేసరికి గంట కొట్టేవారు. దాన్ని చూస్తే టీచరుకి అరికాలి మంట నెత్తికెక్కేది.

సరిగ్గా అలాంటి మనిషే ఇంట్లో ఇంకొకరున్నారు. అత్తగారు. ఆవిడ చదువుకున్నది నాలుగో తరగతి. కానీ చేతికి ఏది దొరికినా చదువుతుంది. పేపరు, మందు డబ్బాలో మడిచి పెట్టిన కాగితం, సరుకులు కట్టి ఇచ్చిన పొట్లం, ఏదైనా సరే. అక్షరం కింద వేలు పెట్టి, మాట మాటా పైకి అనుకుంటూ, ఒక పేజీకి గంట పట్టిస్తుంది. మధ్యలో ఆపి సందేహాలు. "ఇదిగో అమ్మాయ్, వీడు పొద్దున్నే ఊరెళ్లాడని పైన రాశాడు. కింద మధ్యాహ్నం ఇంట్లో పడుకున్నాడంటున్నాడు. ఎప్పుడొచ్చినట్టు?" అని కోడలి వెంట పడుతుంది. "అంత లోతుగా చూడకూడదు అత్తయ్యా, పేపరు అంటే అలాగే ఉంటుంది," అని కోడలు చెప్పులేసుకుని పారిపోతుంది.

ఇక అసలు సంగతికొద్దాం. ఆ బళ్లో ఓ నియమం ఉంది. పెద్ద పరీక్షకి నెల ముందు లోపల్లోపల ఓ పరీక్ష పెడతారు. అందులో పది మార్కులు కూడా రానివాళ్లని ఆ ఏడు పెద్ద పరీక్షకి కూర్చోబెట్టరు. నూటికి నూరు పాసయ్యారని బోర్డు మీద రాసుకోవాలి కదా, అదీ సంగతి. అంత పరీక్షకి కాగితాలు తీయించాల్సిన రోజు ఆఫీసు గుమస్తా భోజనానికి వెళ్లాడు. పావుగంటలో వచ్చేస్తాడు. పావుగంట! బొంగరం టీచర్ ఆగే ఘటమా? తనే జిరాక్సు మిషను నొక్కి, గురువారం తన క్లాసుకి ఒక కథా దాని ప్రశ్నలూ, వచ్చేవారం రెండో సెక్షన్‌కి ఇంకో కథా దాని ప్రశ్నలూ గబగబా తీసి, కట్టలు కట్టి, స్టాప్లరు కొట్టుకుంటూ పోయింది.

గురువారం పరీక్ష జరుగుతుండగా నిదానం చెయ్యెత్తింది. "టీచర్, ఇందులో..." అని ఏదో అనబోయింది. "పరీక్షలో ప్రశ్నలు అడగకూడదని తెలీదూ? వెతుకు, ఉంటుంది!" అని టీచరు కసిరి ముందుకెళ్లిపోయింది. చెయ్యి మెల్లగా కిందికి దిగింది. మిగతా నలభై మంది టకటకా వెతికి, గీతలు గీసి, గంటకి ముందే కాగితాలు ఇచ్చేశారు. శుక్రవారం మధ్యాహ్నానికి మార్కులు కూడా వచ్చేశాయి. అందరికీ ఇరవై పైనే. నిదానానికి సున్నా. కాగితం మీద ఒక్క ఎర్రగీత లేదు, అడుగున ఏవో రెండు లైన్లు రాసి ఉన్నాయి. రెండు లైన్లలో ఐదు జవాబులు ఎలా ఉంటాయని టీచరు అటు చూడనే లేదు.

సాయంత్రం బడి వదిలాక టైలరు గారిని పిలిపించారు. ఆయన మెళ్లో కొలతల టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చాడు.

"ఈ ఏడు కూర్చోబెట్టలేమండీ. మళ్లీ ఏడాది చదివించుకోండి," అంది టీచరు, వాచీ చూసుకుంటూ.

ఆయన టేపు చివర వేలికి చుట్టుకున్నాడు. "ఏడాదా? దీనికి చదువంటే ఇష్టమే టీచర్ గారూ. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి చదువుతూనే ఉంటుంది. బుర్రకి ఎక్కట్లేదేమో మరి."

"కొంతమందికి చదవడం రాదండీ. ఏం చేస్తాం!"

"సరేలెండి. రాని దానికి పిల్లని ఎందుకు ఏడిపించాలి? టీసీకి అర్జీ ఇచ్చి వెళ్తాను. నా పక్కనే మిషను మీద కూర్చోబెట్టుకుంటా."

నిదానం తండ్రి వెనకాల నిలబడి వింది. టీచరు ఆరుంపావు బస్సు కోసం పరుగెత్తింది.

ఇంటికొచ్చి కాగితాల కట్ట బల్ల మీద పడేసి, బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లింది. దిగి వచ్చేసరికి అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, కట్టలోంచి ప్రశ్న కాగితం ఒకటి లాగి, వేలు పెట్టి చదువుతోంది.

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా."

"ఇప్పుడు కాదు అత్తయ్యా, కుక్కర్ పెట్టాలి."

"కుక్కర్ ఎక్కడికీ పోదు గానీ, చూడు. ఈ కథ వడ్రంగి గురించి కదా? పెట్టె భుజాన వేసుకుని నది దాటి వచ్చాడు, ఎవరింట్లోనో విరిగిన తలుపు బాగుచేశాడు, వెళ్లిపోయాడు. బానే ఉంది. కింద మాత్రం పోస్ట్‌మాన్ నది దగ్గర ఎందుకు భయపడ్డాడూ అని అడిగారు. పోస్ట్‌మాన్ ఎక్కడున్నాడే? నేను రెండుసార్లు చదివాను, నాకు కనపడలేదు."

"ఉంటాడు, సరిగ్గా వెతకండి," అంటూనే టీచరు కాగితం లాక్కుంది. పైనుంచి కిందికి కళ్లు పరిగెత్తించింది. ఇంకోసారి చూసింది. కథ తన క్లాసుది, ప్రశ్నలు రెండో సెక్షన్‌వి. స్టాప్లరు కొట్టింది తన చెయ్యే.

"మరి పిల్లలు ఏం రాశారు?" అంది అత్తగారు. ఆవిడకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

అదే కదా మరి, పిల్లలు ఏం రాశారు? టీచరు ఒక్కో కాగితం తీసి చూడటం మొదలుపెట్టింది. పోస్ట్‌మాన్ నది దగ్గర ఎందుకు భయపడ్డాడు? 'నది దాటి వచ్చిన వడ్రంగి పెట్టె దించాడు.' నది కింద ఎర్రగీత. పక్కన తన టిక్కు. పోస్ట్‌మాన్ సంచిలో ఏముంది? 'సంచిలో మేకులు లేవని వడ్రంగి చెప్పాడు.' సంచి కింద గీత, పక్కన టిక్కు. ఒకరు కాదు ఇద్దరు కాదు, నలభై మందీ అదే. లేని మనిషి గురించి నలభై మంది జవాబులు రాశారు. తను అన్నిటికీ మార్కులు వేసింది. ఆవిడ హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి నాలుగుసార్లు తిరిగింది. అత్తగారు తల అటూ ఇటూ తిప్పలేక, "కాస్త కుదురుగా ఉండవే తల్లీ, నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఖాళీ కాగితం. అడుగున రెండు లైన్లు. కట్టంతా చిందరవందర చేసి దాన్ని బయటికి లాగింది. పెన్సిల్ అక్షరాలు, గుండ్రంగా, ఒత్తి రాసినవి.

'టీచర్, ఈ కథలో పోస్ట్‌మాన్ లేడు. మూడుసార్లు చదివాను. నాకే అర్థం కాలేదేమో, ఏమీ అనుకోకండి.'

ఆ 'అనుకోకండి' మీదుగానే పెద్ద ఎర్ర సున్నా చుట్టి ఉంది. "అయ్యయ్యో!" అంది టీచరు. నలభై ఒక్క మందిలో చదివింది అదొక్కతే. దానికే చదవడం రాదని తండ్రి మొహం మీద చెప్పింది తను. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి. ఏడుపొచ్చింది కూడా. అత్తగారే లేచి వెళ్లి కుక్కర్ పెట్టింది.

శనివారం పొద్దున బడి గేటు తియ్యకముందే బొంగరం టీచర్ గేటు ముందు పచార్లు చేస్తోంది. వాచ్‌మన్ అది రోజూ చూసేదే కాబట్టి పట్టించుకోలేదు. హెడ్మాస్టరు గది తలుపు తెరిచీ తెరవగానే లోపలికి దూరి అంతా గడగడా చెప్పేసింది. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు.

"ముందు మీరు కూర్చోండి టీచర్ గారూ."

"కూర్చోలేనండీ."

"ఇంతకీ ఇది ఎవరెవరికి తెలుసు?"

"నాకూ, మా అత్తయ్యకీ."

"హమ్మయ్య! అయితే ఇంత కంగారెందుకు? ఆ పిల్లకి పన్నెండు వేసెయ్యండి, పరీక్షకి కూర్చోబెట్టేద్దాం. మిగతావాళ్ల జోలికి పోకండి. వాళ్లు ఎలాగూ పెద్ద పరీక్షలో గట్టెక్కేస్తారు. తొమ్మిదేళ్లుగా ఎక్కట్లేదా?"

ఒక్క క్షణం ఆవిడ ప్రాణం లేచొచ్చింది. అబద్ధం ఎందుకు, ఆ మాటే పట్టుకుని బయటపడదామనిపించింది. పిల్ల బతుకు బాగుపడుతుంది, తన పేరూ దక్కుతుంది, ఇంకేం కావాలి? కానీ పన్నెండు వేస్తే ఆ పిల్ల ఏమనుకుంటుంది? పోనీలే పాపం అని టీచరు దయ తలిచిందనుకుంటుంది. తనకే అర్థం కాలేదనే ఎప్పటికీ అనుకుంటుంది. ఆ రెండు లైన్లు రాత్రంతా నెమరు వేసుకున్న మనిషికి ఇది మింగుడుపడలేదు.

"లేదండీ. పరీక్ష మళ్లీ పెట్టాలి, అందరికీ. సరైన ప్రశ్నలతో."

"పెడితే ఎంతమంది పాసవుతారంటారు?"

"అదే నాకూ భయంగా ఉంది."

"మీ పేరు పోతుంది టీచర్ గారూ. ఆలోచించుకోండి."

"పోతే నాదేగా పోయేది! పోనివ్వండి." అన్నాక ఆవిడకే ఆశ్చర్యమేసింది. హెడ్మాస్టరు నుదురు రుద్దుకుంటూ కిటికీలోంచి బయటికి చూశారు. ఆఖరికి, "సోమవారం పెట్టండి. బోర్డు మీద ఏం రాయాలో తరవాత ఏడుద్దాం," అన్నారు. అప్పుడు కనిపించింది ఆవిడకి, బల్ల మీద పేపరువెయిట్ కింద తెల్ల కాగితం. తన కూతురికి టీసీ ఇప్పించవలసిందని టైలరు గారి అర్జీ. వాచ్‌మన్ చేతికిచ్చి నిన్న సాయంత్రమే పెట్టించి వెళ్లాడట.

"సంతకం పెట్టేశారా?"

"ఇంకా లేదు..."

ఆయన మాట పూర్తి కాకముందే కాగితం ఆవిడ సంచిలో ఉంది. ఆవిడ మెట్ల మీద ఉంది.

టైలరు షాపు రెండు మిషన్లు పట్టేంత గది. ఒకదాని మీద నిదానం కూర్చుని, పనికిరాని గుడ్డ మీద తిన్నటి కుట్టు వెయ్యడం నేర్చుకుంటోంది. టీచరుని చూడగానే లేచి నిలబడింది. టైలరు గారు కత్తెర పక్కన పెట్టి, కత్తిరించిన ముక్కలు తోసేసి బెంచీ ఖాళీ చేశాడు. బొంగరం టీచర్ కూర్చోలేదు. సంచిలోంచి ఆ ఖాళీ కాగితం తీసి పిల్ల ముందు పెట్టింది.

"ఇది నువ్వు రాసిందేగా?"

"అవును టీచర్. సారీ టీచర్."

"నువ్వు సారీ చెప్పకే! నేను చెప్పాలి. ఆ కథలో పోస్ట్‌మాన్ లేడు. నిజంగానే లేడు. కాగితాలు నేనే తారుమారు చేశాను. నువ్వు చెప్పబోతే నేనే నోరు మూయించాను. రాసింది కూడా చదవకుండా సున్నా చుట్టాను." ఇదంతా ఒక్క ఊపిరిలో అనేసి టైలరు గారి వైపు తిరిగింది. "నిన్న మీతో అన్నమాట తప్పండీ. మా క్లాసులో చదవడం వచ్చింది మీ అమ్మాయి ఒక్కదానికే. మిగతా నలభై మందికీ రాదు. నాకూ రాదు." అర్జీ కాగితం తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇది వెనక్కి తీసుకోండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన ఆ కాగితం వైపూ, టీచరు వైపూ చూసి, "అయితే పాసైనట్టేనా అండీ?" అన్నాడు.

"సోమవారం మళ్లీ పెడతాం. ఎంతసేపు కావాలంటే అంతసేపు రాసుకోమంటాను."

ఆయన టేపుతో మొహం తుడుచుకోబోయి, నవ్వేసి, భుజం మీది గుడ్డ అందుకున్నాడు. నిదానం మాత్రం నవ్వలేదు. ఏదో అడగాలా వద్దా అన్నట్టు మిషను చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఏంటమ్మా?"

"మరి టీచర్... పోస్ట్‌మాన్ నది దగ్గర ఎందుకు భయపడ్డాడు?"

"ఆఁ?"

"గురువారం నుంచి అదే ఆలోచిస్తున్నాను. ఆ కథ ఎక్కడుంది టీచర్?"

టీచరు తొమ్మిదేళ్లుగా ఏటా ఏదో ఒక క్లాసుకి ఆ కథ ఇస్తోంది. జవాబు నోటికొచ్చు: నదిలో మోకాలి దాకా నీళ్లున్నాయి కనుక. తనే తయారుచేసుకున్న జవాబు. దాన్నే చెప్పబోయి ఎందుకో ఆగిపోయింది. రెండో సెక్షన్ కట్ట సంచిలోనే ఉంది. అందులోంచి ఆ కథ కాగితం తీసి ఇచ్చింది. సోమవారానికి వేరే కథ వెతుక్కోవాలి, వెతుక్కుంటుంది.

"చదువు. పైకి చదువు, నేనూ వింటాను."

బెంచీ మీద గుడ్డముక్కల పక్కన కూర్చుంది. పిల్ల వేలు పెట్టి, తన మామూలు నడకలో చదివింది. పోస్ట్‌మాన్ రేవు దగ్గర ఆగిపోయాడు. ముప్పై ఏళ్లుగా ఆ నది దాటుతున్నాడు. నీళ్లు మోకాలి దాకానే ఉన్నాయి. ఆ రోజు సంచిలో ఒకటే ఉత్తరం. కవరు మీద ఆసుపత్రి ముద్ర. అవతలి గట్టు మీద ముసలావిడ అప్పుడే అతన్ని చూసి చెయ్యి ఊపుతోంది. అతనికి భయం వేసింది. చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు.

అంతే కథ. టీచరుకి నోరు ఊరుకోలేదు, "నీళ్లు మోకాలి దాకా..." అని మొదలుపెట్టింది.

"మోకాలి దాకా నీళ్లకి ఎవరైనా భయపడతారా టీచర్? ముప్పై ఏళ్లుగా దాటుతున్నాడు కదా. నీళ్లకి కాదు."

"మరి?"

"ఆవిడ చెయ్యి ఊపుతోంది కదా. పాపం ఆవిడకి ఇంకా తెలీదు. వెళ్తే ఆ ఉత్తరం ఈయనే ఇవ్వాలి."

ఆ ముసలావిడ ఆ గట్టు మీద తొమ్మిదేళ్లుగా చెయ్యి ఊపుతూనే ఉంది, టీచరు ఒక్కసారి కూడా అటు చూడలేదు. కళ్లు తుడుచుకుని, కాగితం తన వైపు లాక్కుని, మొదటి లైను కింద వేలు పెట్టి మళ్లీ చదివింది. ఆఖరి లైను దగ్గర వేలు ఆగిపోయింది.

"తరవాత ఏమైందే? ఇచ్చాడా?"

"అది ఇందులో లేదు టీచర్." పిల్ల మిషను దగ్గర్నుంచి వచ్చి ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుంది. "మీరేం అనుకుంటున్నారు?"

తొమ్మిదేళ్లుగా ప్రశ్నలు అడిగిన మనిషిని ఒకరు ప్రశ్న అడిగారు. ఎంత వెతికినా ఆ జవాబు కాగితం మీద దొరకదు. బయట పదకొండున్నర బస్సు వచ్చింది, హారను కొట్టింది, వెళ్లిపోయింది. టీచరు లేవలేదు.

"ఉండు, ఆలోచించనీ," అంది.